లైన్‌మన్ అన్న ఆడమనిషైన రోజు

మా వాడకట్టులో కొందరు యువకులు కలిసి ఫోనుతో హాస్య నాటికలు తీసి జనంలోకి వదులుతుంటారు. మొన్న వాళ్లకొక చిక్కు వచ్చింది. ముఖ్య వేషం వేసే అబ్బాయికి పట్నంలో ఉద్యోగం దొరికింది. "ఇగ బంద్ చేసుడే తాతా" అంటూ దిగాలుగా వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. బంద్ చేయక్కర్లేదని చెప్పడానికి నా దగ్గర సలహా లేదు కానీ అనుభవం ఒకటి ఉంది. నోటితో చెబితే సగం మరిచిపోతారని రాస్తున్నాను.

నేను రిటైరైంది జనగామలోని ఒక చిన్న కేబుల్ ఛానెల్ నుంచి. నా ఉద్యోగం పేరు రచయిత. రాయడం కాక లైటు పట్టుకోవడం, మైకు వైరు చుట్టడం, నటులకు మాట అందించడం కూడా అందులోకే వచ్చేవి. నా చదువు పదో తరగతి దగ్గర ఆగిపోయింది. మిగతా చదువంతా మా ఊరి గ్రంథాలయంలో జరిగింది. అక్కడ నాటకాల మీద పుస్తకాలు ఒక బీరువా నిండా ఉండేవి. వాటన్నిటినీ చదివినవాణ్ణి ఆ ఊళ్లో నేనొక్కణ్ణేనని గ్రంథపాలకుడు అందరికీ చెప్పేవాడు. ఆయన చెప్పనిచోట నేనే చెప్పుకునేవాణ్ణి.

ఆ రోజుల్లో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అన్నీ ఒకే జిల్లా. మా ఛానెల్లో వారానికొకసారి వచ్చే సీరియల్ ఒకటి ఉండేది. దాన్ని మేం సీడీల మీద ఎక్కించి, బస్సు డ్రైవర్ల చేతికిచ్చి పంపితే అటు మహబూబాబాద్ ఆపరేటరు, ఇటు భూపాలపల్లి వైపు చిట్యాల ఆపరేటరు ఆదివారం తమ తమ ఊళ్లలో వేసేవాళ్లు. ఏళ్ల తరబడి నడిచింది. అందులో హీరో కరెంటు లైన్‌మన్. పేరు లేదు, అందరికీ లైన్‌మన్ అన్నే. కరెంటు పోయిన ఊరికి వస్తాడు, స్తంభం ఎక్కుతాడు. పైనుంచి చూస్తే కింద ఎవరింట్లో ఏ గొడవ జరుగుతున్నదో కనిపిస్తుంది. దిగేలోపల తీగా కలుపుతాడు, విడిపోయిన అన్నదమ్ములనూ కలుపుతాడు. కథ ప్రతిసారీ ఇంతే.

ఇంత చిన్న కథను జనం అన్నేళ్లు ఎందుకు చూశారంటే, అతను మా మాట మాట్లాడేవాడు. మీరు ఇప్పుడు సినిమాల్లో ఈ మాట విని ఈలలు వేస్తున్నారు. అప్పుడు అలా కాదు. తెర మీద మా యాస వినబడిందంటే ఆ మనిషి పనివాడో, రౌడీయో, నవ్వించడానికి పెట్టిన తాగుబోతో అయి ఉండేవాడు. తప్పును సరిదిద్దే మనిషి నోట మా మాట వినడం జనానికి కడుపు నిండినట్టుండేది. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఊపందుకున్నాక ఆ సీరియల్ వచ్చే వేళకు సభలు కూడా కాసేపు ఆపేవాళ్లంటే నమ్మండి.

అలాంటి సమయంలో మా హీరోకు సినిమాలో వేషం దొరికింది. వెళ్లేముందు మిఠాయి పెట్టె తెచ్చాడు. ఏం వేషమని అడిగాను.

"హీరో ఇంట్ల పనోడన్నా" అన్నాడు. పెట్టె మూత తీస్తూ, "మన మాటనే మాట్లాడుమన్నరు. జర ఎక్కువ చేసి మాట్లాడాల్నట" అన్నాడు.

అతనికీ పిల్లలున్నారు. మిఠాయి తిన్నాం, వెళ్లిపోయాడు.

కొత్త హీరో కోసం వెతుకులాట మొదలైంది. వచ్చిన ప్రతివాడూ పాతవాడిలాగే తల ఎగరేసేవాడు, పాతవాడిలాగే దగ్గేవాడు. ఛానెల్ ఓనరు నాకంటే వయసులో చిన్నవాడు. నన్ను రైటర్ సాబ్ అనేవాడు, నేను సేటూ అనేవాణ్ణి. "సాబ్, ఈల్లంత ఆయన నీడలు. నీడకు అంగీ తొడిగితె నిలవడుతదా?" అని విసుక్కున్నాడు.

అదే సమయంలో పాట రికార్డింగు కోసం ఒకామె వచ్చింది. కొత్తగూడ వైపు తండా మనిషి. అప్పటిదాకా పత్తి చేలలో కూలికి పోతూ, సభల్లో పాటలు పాడుతూ ఉండేది. ఇంట్లో వాళ్ల భాష వేరు. తెలుగు మాట్లాడితే దానిలో తండా రాగం కొంచెం తీగలాగా సాగేది. ఒకరోజు తమ్ముడి వేషానికి వచ్చిన ఒక అబ్బాయికి ఎదురు మాటలు చెప్పేవాళ్లు లేక, ఆమెను లైన్‌మన్ అన్న మాటలు చదవమన్నాను. ఉద్దేశం ఆ అబ్బాయిని చూద్దామని. ఆమె కాగితం ఒకసారి చూసి పక్కన పెట్టింది. నోటితో చెప్పడం మొదలుపెట్టింది. కాసేపటికి నేను ఆ అబ్బాయి సంగతే మరిచిపోయాను. కెమెరా అతను టీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని అలాగే ఉండిపోయాడు.

సేటు తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు. "దొరికిండు" అన్నాడు.

"ఎవరు, ఈ పిలగాడా?"

"కాదు సాబ్. ఆమె."

అప్పుడే నా గ్రంథాలయం నిద్ర లేచింది. ఏ దేశంలో మగవాళ్లు ఆడవేషాలు వేశారో, ఎక్కడ ముసుగులు పెట్టుకున్నారో అన్నీ చెప్పాను. గ్రీసు దేశంతో మొదలుపెట్టాను.

"గ్రీసు సంగతి తర్వాత. ముందు చిట్యాల ఆపరేటరును ఎట్ల ఒప్పిస్తవో చెప్పు" అన్నాడు సేటు.

నిజానికి కష్టం ఎక్కడుందో మా ఇద్దరికీ తెలుసు. కొత్త ఆడమనిషి హీరోయిన్‌గా వస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు. కానీ అన్నేళ్లుగా చూస్తున్న అదే లైన్‌మన్ అన్న ఈ వారం నుంచి ఆడమనిషి అంటే జనం ఊరుకుంటారా? కారణం చెప్పాలి. కారణం రాసే పని నాది.

మొదట పాత కథల్లో చదివినదాన్ని ఆసరా చేసుకుని ఒకటి రాశాను. అన్న కొత్తగూడ అడవిలో లైను బాగు చేస్తూ ఒక మడుగులో మునుగుతాడు. మునిశాపం వల్ల ఆడమనిషై లేస్తాడు. చదివి వినిపించాను. ఆమె చివరిదాకా ఓపిగ్గా విన్నది.

"సారూ, మా అన్న ఏం తప్పు చేసిండు?"

"తప్పేం చేయలేదమ్మా."

"మరి శాపమెందుకు? ఆడిదైతె శాపమా?"

సేటు కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వు ఆపుకున్నాడు. ఆ కాగితాలు నేనే చించాను.

రెండోసారి తెలివిగా రాశాననుకున్నాను. అన్నకు బదిలీ అవుతుంది. ఆయన చెల్లెలు ఆ ఉద్యోగంలో చేరుతుంది. అందరికీ సులువు. దీనికి ఆమె లేచి నిలబడింది.

"చెల్లె ఏషం నేనెయ్య సారూ. మా తండాల ఒక్కరింట్ల టీవీ ఉన్నది. వాకిట్ల చాప లేసుకొని అందరం సూస్తం. గా టీవీల మా అసొంటి మాట మాట్లాడే మనిషి ఒక్కనాడు రాలె. వస్తె అన్ననే రావాలె. అన్న చెల్లె వచ్చిందంటె, అన్న ఊరికి పోయిండు, జరసేపాగి వస్తడని ఎదురు సూస్తరు. నన్నెవరు సూస్తరు?" అని, తలుపు దాకా వెళ్లి ఆగింది. "జనం వద్దంటె పోత. పత్తి ఏరుకుంట. కని చెల్లెను మాత్రం గాను."

ఆమె అడిగింది వేషం ఒక్కటే కాదని నాకు అప్పుడు అర్థమైంది. ఇక మూడోసారి, నా బీరువా పుస్తకాల్లో నాకు బాగా నచ్చిన ఉపాయం తీశాను. ముఖం దాచి చివర్లో చూపించడం. ఆ వారం లైన్‌మన్ అన్న ముఖానికి తువ్వాల చుట్టుకుని ఊళ్లోకి వస్తాడు. దుమ్ముకు చుట్టుకున్నాడనుకుంటారు. ఎక్కువ మాట్లాడడు. చివర్లో స్తంభం మీద తువ్వాల విప్పితే ఆమె ముఖం. అక్కడితో ఆపేశాం. ఆ విప్పే క్షణాన్ని మళ్లీ మళ్లీ తీయించాను. ఎడిటింగులో చూసుకుని నా ఒళ్లు నాకే పులకరించింది.

ఆదివారం వేశారు. సోమవారం ఫోను పెట్టనివ్వలేదు జనం. మొదట మహబూబాబాద్ ఆపరేటరు.

"రైటర్ సాబ్, మా అన్నను ఏం చేసిండ్రు?"

"ఏం చేయలేదు, ఆమే అన్న."

"ఆమె దొంగట గదా! అన్నను యాడనో కట్టేసి, అంగీ గుంజుకొని, మూతికి బట్ట కట్టుకొని వచ్చిందట గదా. ఈడ అందరు గదే అంటుండ్రు. వచ్చే వారం పోలీసులు వట్టుకుంటరా?"

ముఖం దాచుకుని ఊళ్లోకి వచ్చినవాళ్లను మా జనం ఏమనుకుంటారో నేను ఒక్క క్షణమైనా ఆలోచించలేదు. పుస్తకంలో అది ఆశ్చర్యం. మా ఊళ్లో అది దొంగతనం.

చిట్యాల ఆపరేటరు నవ్వలేదు కూడా. "ముసలోళ్లు టీవీ ముంగట కూసోని తిడుతుండ్రు సాబ్. నేను గా టైముకు పాటలేసుకుంట. మీ సీడీ పంపకుండ్రి" అన్నాడు.

ఆపరేటర్లు వేయకపోతే సీరియల్ లేదు. సేటు వాళ్లను బతిమాలి ఒక్క అవకాశం సంపాదించాడు. ఆ వారంలోనే జనగామ దగ్గర పెద్ద రోడ్డు మీద వంటా వార్పు ఉంది. మీలో చూడనివాళ్లకు చెబుతున్నాను. ఊళ్లకు ఊళ్లు తరలివచ్చి, బండ్లు పోయే రోడ్డు మీద పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే బంతి కూర్చుని తినడం అప్పటి ఉద్యమ పద్ధతి. రోడ్డు ఆగిపోతుంది, కడుపు మాత్రం నిండుతుంది. పాటలూ ఆటలూ ఉంటాయి. ఉద్యమ కమిటీ వాళ్లు లైన్‌మన్ అన్నను పిలిచారు. ఆపరేటర్లిద్దరూ వచ్చి చూస్తామన్నారు. జనం ఒప్పుకుంటే వేస్తాం, లేకపోతే ఇక అడగొద్దన్నారు.

నేను మళ్లీ దాచే ఏర్పాటే చేశాను. ట్రాక్టరు ట్రాలీ మా రంగస్థలం. దాని వెనక టార్పాలిన్ కట్టి, ఆమె లోపల తయారై, డోలు మోగగానే ఒక్కసారిగా బయటికి రావాలి. ఈసారి ముఖానికి బట్ట లేకుండా. అదే నేను నేర్చుకున్న పాఠం అనుకున్నాను.

తీరా వెళ్లి చూస్తే టార్పాలిన్ లేదు. అన్నం గుండిగల మీద ఎండా దుమ్మూ పడుతున్నాయని వంటవాళ్లు విప్పుకుపోయి పందిరి వేసుకున్నారు. దంతాలపల్లి నుంచి వచ్చిన ఆడవాళ్లు దాని కింద కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నారు. వెళ్లి అడిగాను.

"అవ్వా, అది మాది. మా హీరో బట్టలు మార్చుకోవాలె."

"నీ హీరోకు సిగ్గయితె కండ్లు మూసుకొమ్మను బిడ్డా. బువ్వల ఇసుక వడితె ఎవడు తింటడు?" అన్నదొక అవ్వ, కత్తి ఆపకుండానే.

వ్యానులో మార్చుకుందామంటే అది రోడ్డుకు ఆవల, జనానికి అటువైపు చిక్కుకుపోయింది. చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం. ట్రాలీ మీద కమిటీ మనిషి అప్పటికే మైకులో "ఇప్పుడు మన లైన్‌మన్ అన్న" అనేశాడు. ఆపరేటర్లిద్దరూ ముందు వరుసలో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. సేటు నా వైపు చూశాడు. నేను ఆమె వైపు చూశాను. చీరలో, చేతిలో ఖాకీ అంగీ సంచితో నిలబడి ఉంది.

"ఎట్ల?" అన్నాను.

"ఎట్లేంది సారూ? గీడనే ఏసుకుంట. దాసుడెందుకు?"

ట్రాలీ ఎక్కింది. జనం వైపు తిరిగి నిలబడింది. దొంగ అనే మాట అక్కడక్కడా వినబడింది. ఆమె తొందరపడలేదు. కొంగు తిప్పి నడుముకు బిగించింది. సంచిలోంచి ఖాకీ అంగీ తీసి, దులిపి, అందరూ చూస్తుండగా చీర మీదనే ఒక్కో చేయీ తొడిగింది. ముందు వరుసలో ఒగ్గు కథ చెప్పే బృందం ఒకటి తమ వంతు కోసం కూర్చుని ఉంది. వాళ్లలో డోలు మనిషికి ఏమనిపించిందో, ఆమె గుండీలు పెట్టుకుంటుంటే డోలు మీద చిన్నగా వేళ్లు ఆడించడం మొదలుపెట్టాడు. నడుముకు బెల్టు కట్టేసరికి వేగం పెంచాడు. కటింగ్ ప్లేయర్ బెల్టులో దోపి, తువ్వాల తలకు చుట్టి ముడి వేసేసరికి దెబ్బ గట్టిగా పడింది. ఆగింది.

జనం నిశ్శబ్దమైపోయారు.

ఆ నిశ్శబ్దంలో నాకు తెలిసిందేమిటో చెబుతాను. మా దగ్గర ఒగ్గు కథ వినకుండా పెరిగినవాడు లేడు. కథ చెప్పే మగమనిషి మన ముందే భుజం మీది బట్ట తల మీద కప్పుకుంటాడు, తల్లి అవుతాడు. అదే బట్ట నడుముకు చుడతాడు, రాజవుతాడు. ఇప్పటిదాకా రాజువి కదా, తల్లివెట్లా అయ్యావని ఎవరూ అడగరు. శాపం కావాలనరు, బదిలీ కావాలనరు. మారుతుంటే చూశారు కాబట్టి నమ్ముతారు. నేను పుస్తకాల వెంట గ్రీసు దేశం దాకా వెళ్లొచ్చాను. మా వాడకట్టు ఒగ్గు కథ దాకా మాత్రం రాలేదు.

కానీ పని పూర్తి కాలేదు. ఆమె మొదటి మాట అనగానే, ఎడమ పక్క నుంచి ఒక పెద్దమనిషి గొంతెత్తాడు. తెల్ల బట్టలు, చుట్టూ తన ఊరి మనుషులు. చేనూ చెలకా బాగా ఉన్న ఇంటివాడని చూస్తేనే తెలుస్తున్నది.

"ఏయ్, ఆపుండ్రి! అంగీ తొడిగితె అయిపాయెనా? మాట సూడు, తండా మాట. మా అన్న మాట గిట్లుంటదా?"

ఆయన చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ నవ్వు మెల్లగా వెనక్కి పాకడం చూశాను. అందించడానికి నా దగ్గర మాట లేదు. రాసిందాంట్లో ఇది లేదు.

ఆమె ట్రాలీ అంచుకు వచ్చి, ఒక కాలు అంచు మీద పెట్టి వంగింది. లైన్‌మన్ అన్న గొడవ తీర్చేముందు అలాగే వంగేవాడు. కానీ ఆ వంగడం అతనిది కాదు, ఆమెదే.

"పటేలా, మీ బాయికాడ తీగ తెగితె ఎక్కింది నేనే గదా. గా తీగ నన్ను ఏ మాట మాట్లాడుతవని అడగలె. ముట్టుకుంటె నీకూ నాకూ ఒక్క తీర్గనే కొడుతది. అనుమానముంటె రా, ముట్టుకుందాం."

మొదటి నవ్వు ఆడవాళ్ల వైపు నుంచి వచ్చింది. ఆమె గొంతు తగ్గించింది. తగ్గించేసరికి జనం ముందుకు వంగారు.

"సిన్మలల్ల మన మాట విని నవ్విండ్రనే గదా, గియ్యాల గీ రోడ్డు మీద వండుకుంటున్నం. గీ రోడ్డు మీదనే కూసోని నా మాట విని నువ్వు నవ్వితివి. మరి గా బువ్వ ఎట్ల అరుగుతది పటేలా?"

ఒక్క క్షణం ఏ వైపు పోతుందో తెలియలేదు. తర్వాత చప్పట్లు రోడ్డు ఆ చివరి నుంచి వచ్చాయి. కొత్తగూడ వైపు నుంచి వచ్చిన తండా వాళ్లు లేచి నిలబడి తమ భాషలో ఏదో అరిచారు. ఆమె వాళ్ల భాషలోనే ఒక మాట తిరిగి అన్నది. మాకు అర్థం కాలేదు. అయినా అందరం నవ్వాం. పెద్దమనిషి కూడా తువ్వాలతో మూతి తుడుచుకుంటూ నవ్వేశాడు.

"సరె తియ్. మాట సరె. ఎక్కుతవా మరి?"

"ఎక్కకపోతె జీతమెవడిస్తడు పటేలా?"

ట్రాలీ పక్కన మేం పాతిన కర్ర స్తంభం ఎక్కింది. చెట్లెక్కి పెరిగిన మనిషి. మేం కింద నిచ్చెన పట్టుకునేలోపలే పైన ఉంది. ఒక చేత్తో స్తంభం పట్టుకుని, రెండో చేయి కళ్లకు అడ్డం పెట్టుకుని పట్నం వైపు చూసింది.

"కనవడుతున్నదా అన్నా?" అని కింద నుంచి ఎవరో కేక వేశారు. అన్నా అన్నారు. నేను సేటు చేయి పట్టుకున్నాను.

"కనవడుతున్నది. గాడ మస్తు లైట్లు ఎలుగుతున్నయ్. మన తీగ గా దిక్కే పోయింది. జరాగుండ్రి, గుంజుకొస్త!"

ఆ తర్వాత నేను రాసిన నాటిక ఎంత నడిచిందో, ఎంత నడవలేదో నాకు గుర్తు లేదు. నేను రాసిన మాటల కంటే ఆమె కలిపిన మాటలే ఎక్కువ. నాకు ఏమాత్రం బాధ కలగలేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నా రాతను వినకుండా నటిని చూసిన రోజు అదొక్కటే. ఆమె దిగేసరికి డోలు మళ్లీ మోగింది. ఈసారి ఎవరూ చెప్పకుండానే జనం దారి ఇచ్చారు. మామూలుగా లైన్‌మన్‌కు ఊళ్లో ఇచ్చినట్టే.

బంతులు మొదలయ్యాయి. ఆపరేటర్లు ఏమంటారోనని మేం వాళ్ల వెనకే తిరుగుతున్నాం. మహబూబాబాద్ ఆయన విస్తరి ముందు కూర్చుంటూ, "సీడీ ఎప్పుడు పంపుతరు? బస్సులు బందున్నయ్ గదా, మోటర్ సైకిల్ మీద మా పిలగాన్ని పంపుత" అన్నాడు. చిట్యాల ఆయన ఇంకా ఏమీ అనలేదు. అన్నం కలుపుతూ లైన్‌మన్ అన్న వైపే చూస్తున్నాడు.

ఆమె ఖాకీ అంగీ విప్పకుండానే బంతిలో కూర్చుంది. ఇందాక టార్పాలిన్ ఇవ్వనన్న అవ్వ గుండిగ పక్క నుంచి లేచి, వేడి వేడి అన్నం తెచ్చి అందరికంటే ముందు ఆమె విస్తట్లో పెట్టింది. పెట్టి, ఎదురుగా గొంతుక్కూర్చుని ముఖంలోకి తేరిపార చూసింది.

"నీకు మొన్నటిదాక మీసాలుండె గద బిడ్డా?"

బంతి బంతంతా చేతులు ఆపింది.

"తీసేసిన అవ్వా" అన్నది ఆమె, పప్పు కలుపుకుంటూ. "ఎండలకు ఉక్కపోస్తున్నదని."

అవ్వ ఆలోచించింది. తల ఊపింది.

"మంచిగ చేసినవ్. మొఖం తేటగ కనవడుతున్నది. అది గాని, మా బాయికాడి మోటరు కాలి వారమాయె. ఎవన్ని అడిగినా వస్తలేడు."

చిట్యాల ఆపరేటరు పెద్దగా నవ్వాడు. నవ్వుతూనే సేటుకు దూరం నుంచి తల ఊపాడు, వేస్తానన్నట్టు. సేటు కళ్లు తుడుచుకుని, పొయ్యి పొగ అన్నాడు. ఆమె ఇవేవీ చూడలేదు. ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగి, అవ్వ వైపు పూర్తిగా తిరిగింది.

"ఎన్ని హార్సుల మోటరు అవ్వా?"